కిర్రుమనని కుర్చీ

మేష్టారు కుర్చీ కిందికి దూరి చాలాసేపయింది. బయటికి అతని కాళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. గుమ్మానికి భుజం ఆనించి నిలబడ్డ ఇన్‌స్పెక్టరు ఆ కాళ్ల వంక చూస్తూ, స్కూటర్లు బాగుచేసేవాడు కూడా ఇంతసేపు నేల మీద పడుకోడని, టీ తెప్పిస్తే కిందికే అందించాలా అని అడిగాడు.

మేష్టారు జవాబిద్దామంటే నోట్లో టార్చిలైటు ఉంది.

నిజానికి అతను ఏ బళ్లోనూ పాఠం చెప్పినవాడు కాదు. ప్రైవేటు డిటెక్టివ్. కానీ ఎదుటివాళ్ల మాటలో తప్పు దొర్లితే దిద్దకుండా ఉండలేడు. ఇంట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటివాడు కావడంతో, మాటైనా రాతైనా చదువుకున్నవాడిలా ఉండాలన్న పట్టింపు చిన్నప్పుడే పట్టుకుంది. ఒక దొంగ నేరం ఒప్పుకుంటుంటే మధ్యలో ఆపి వాక్యం సరిచేశాడని స్టేషనులో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. మేష్టారన్న పేరు అక్కడ పుట్టిందే. పెట్టింది ఈ ఇన్‌స్పెక్టరే. పేరులో గౌరవం ఉందిగానీ, పిలిచే గొంతులో అది ఎప్పుడూ లేదు.

ఈ గదిలోనే, అటుమొన్న రాత్రి, ఇంటి పెద్దాయన చనిపోయాడు. మంచానికి అవతల, దాని ఇనపకోడుకి తల తగిలి పడి ఉంటే ఎనిమిదిన్నరకి చిన్నకొడుకు వచ్చి చూశాడు. చిన్నకొడుకు వేరే ఇంట్లో ఉంటాడు, సిటీ బస్సు నడుపుతాడు. నాన్న తూలిపడే మనిషి కాదు, ఎవరో తోశారు, ఎవరో కనిపెట్టండి అని మర్నాడు పొద్దున్నే మేష్టారి గుమ్మం ఎక్కింది అతనే.

మేష్టారు కనిపెట్టాడు. ఆ కనిపెట్టడం ఫలితంగా అతన్ని పిలిచిన మనిషే ఇప్పుడు లాకప్పులో ఉన్నాడు.

జరిగింది ఇదీ. ఇంట్లో ఉండేది పెద్దాయన, పెద్దకొడుకు, పెద్దకోడలు. పెద్దకొడుకు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉన్నాడు. పెద్దకోడలు ఆసుపత్రి మందుల కౌంటరులో రాత్రి డ్యూటీ చేస్తుంది. ఆమె చెప్పిన సంగతిని మేష్టారు శ్రద్ధగా రాసి, చదివి వినిపించి, తలూపించుకుని, పద్ధతి ప్రకారం ఒక కాపీ స్టేషనుకి ఇచ్చాడు. అందులో ఒకే ఒక్క వాక్యం ఇన్‌స్పెక్టరుకి పనికొచ్చింది.

ఇప్పుడు దాన్నే నోటికొచ్చిన పద్యంలా మళ్లీ చదివాడు ఆయన. "'ఎనిమిది గంటలకు నేను డ్యూటీకి బయలుదేరునప్పుడు మావయ్యగారు కుర్చీలో ఊగుతున్నారు. కుర్చీ కిర్రుమను శబ్దము వినిపించినది.' ఎంత చక్కగా రాశారండీ. అంటే ఎనిమిదింటికి ముసలాయన బతికే ఉన్నాడు. ఆ తర్వాత గుమ్మం తొక్కింది చిన్నకొడుకొక్కడే. ఆ కుర్చీ అమ్మేద్దామని వారం నుంచి తండ్రితో గొడవపడుతున్నదీ అతనే. ఇంకా ఆ కుర్చీ కింద ఏం వెతుకుతున్నారు?"

"దాని వయసు" అన్నాడు మేష్టారు, టార్చి నోట్లోంచి తీసి.

వయసు ఎప్పుడో తేల్చేశారని ఇన్‌స్పెక్టరు గుర్తుచేశాడు. నిజమే. ఈ వీధి చివర పాత సామాన్ల షాపు నడిపే పెద్దమనిషిని స్టేషనువాళ్లే పిలిపించారు. పాత కలపకి వయసు కట్టడంలో ఆయన మాటకి తిరుగులేదు. కుర్చీని అటూ ఇటూ తిప్పిచూసి, నూటయాభై ఏళ్ల నాటిదని, విలువైనదని చెప్పి వెళ్లాడు. పెద్దకోడలికి ఏదో బంధువట. ఏమవుతాడని ఎవరూ అడగలేదు. ఈ వీధిలో సగంమంది మిగతా సగానికి ఏదో ఒకటి అవుతారు.

మేష్టారు పాక్కుంటూ బయటికొచ్చి, బట్టలు దులుపుకోకుండానే కుర్చీ చేతుల మీద అరచెయ్యి వేసి వెనక్కి నొక్కి వదిలాడు. కుర్చీ ముందుకీ వెనక్కీ ఊగింది. ఊగి ఊగి ఆగింది.

"ఏం వినపడింది సార్?"

"ఏమీ వినపళ్లేదు."

"అదే చెబుతున్నాను. నా సాక్షి కిర్రుమందంది. ఇది కిమ్మనటం లేదు."

నూనె వేసి ఉంటారన్నాడు ఇన్‌స్పెక్టరు. చనిపోయిన మనిషి గదికి తాళం వేసి సీలు పెట్టింది మీరేనని, లోపలికొచ్చి నూనె వేసేదెవరని మేష్టారు అడిగాడు. ఇన్‌స్పెక్టరు గుమ్మం మీంచి భుజం తీశాడు.

మేష్టారు జేబులోంచి సన్నటి రాగి తీగ తీశాడు. అతని తండ్రి వడ్రంగి. స్కూలు సెలవులంటే అతనికి రంపం అవతలి కొస పట్టుకోవడమే. చదువు వంటబట్టాక ఆ చెక్కపొట్టు వాసన నుంచి ఎంత దూరం వెళ్లగలిగితే అంత దూరం వెళ్లాడు. ఇప్పుడు అదే వాసన కోసం ముక్కు చాపాడు. కుర్చీ వీపులో గుండ్రటి పుల్లలు వరసగా నిలబడి ఉన్నాయి. అందులో ఒకదాని చుట్టూ తీగ చుట్టి, ఉంగరంలా సరిగ్గా పట్టేట్టు వంచి, వేలితో తిప్పాడు. తీగ ఎక్కడా పట్టకుండా గిర్రున తిరిగింది.

ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి వంగాడు. మేష్టారు చెప్పుకుపోయాడు. చెక్క ఏళ్ల తరబడి ఆరుతూ ఉంటుంది. ఆరేటప్పుడు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ కుదించుకుంటుంది. అందుకని లేతు యంత్రం మీద తిప్పి గుండ్రంగా చేసిన పుల్ల పాతబడేకొద్దీ గుండ్రంగా ఉండదు, కాస్త కోడిగుడ్డు వాటంగా తిరుగుతుంది. నూటయాభై ఏళ్ల పుల్ల అయితే ఈ తీగ సగం తిరిగి పట్టేయాలి. ఈ పుల్లని గుండ్రంగా తిప్పి ఎన్నాళ్లో కాలేదు.

"చెక్క పాతదే. పాత తలుపునో, దూలాన్నో కోసి ఉంటారు. పని మాత్రం కొత్తది."

"మరి స్క్రూలు? తుప్పు పట్టి ఉన్నాయిగా. నేనూ చూశాను."

"స్క్రూలూ పాతవే. వేరేచోట నుంచి ఊడదీసి తెచ్చినవి. ఇటు చూడండి." మేష్టారు కుర్చీని పక్కకి ఒరిగించి ఒక స్క్రూ మీద వెలుగు వేశాడు. తల నల్లగా ఉంది, గీత లోపల మాత్రం ఎవరో నిన్నగాక మొన్న తిప్పినట్టు తళుక్కుమంటోంది. ఇనుము చెక్కలో ఏళ్ల తరబడి ఉంటే చుట్టూ నల్లటి మరక దిగుతుంది. ఇక్కడ స్క్రూ ముసలిది, దాని చుట్టూ చెక్క పసిపాపలా ఉంది.

ఇన్‌స్పెక్టరు ఆ స్క్రూని గోటితో గీకి చూశాడు. తర్వాత, ఎవడో ముసలాయనకి దొంగసరుకు అంటగట్టాడన్నమాట, పాపం నూటయాభై ఏళ్లని మురిసిపోతూ ఊగాడన్నమాట అని తేల్చేశాడు.

"ఊగలేదు సార్. ఆయన ఈ కుర్చీలో ఒక్కసారి కూడా ఊగలేదు."

అసలు చూపించదలచుకున్నది అప్పుడు చూపించాడు. గదిలో ఎర్ర గచ్చు. కుర్చీ ఉన్నచోట రెండు నున్నటి చారలు పక్కపక్కన పడి ఉన్నాయి. ఏళ్లకేళ్లు కుర్చీ కింది వంపు బద్దలు రాసుకుని రాసుకుని గచ్చు అక్కడ అద్దమైంది. మేష్టారు కుర్చీని తెచ్చి ఆ చారల మీద నిలబెట్టాడు. ఎడమ బద్ద చార మీద కూర్చుంది. కుడి బద్ద రెండు వేళ్లంత లోపలికి, గరుకు గచ్చు మీద ఉండిపోయింది. తనే ఎక్కి కూర్చుని బరువు మోపి చూశాడు. అయినా అందలేదు.

"పాత కుర్చీ కాళ్లు ఆయన బరువుకి ఏళ్ల తరబడి పక్కలకి జరిగాయి. దీన్ని చేసినవాడు కుర్చీని కొలిచాడు. కింద గచ్చుని కొలవలేదు."

ఇన్‌స్పెక్టరు ఆ రెండు చారలకేసి చూసి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. కుర్చీ మారింది, సరే, ఒప్పుకుంటా అన్నాడు. అమ్మేద్దామని గొడవపడ్డ కొడుకే మార్చి ఉంటాడు. తండ్రి పసిగట్టాడు. తోశాడు. "మీరు నా కేసు గట్టిపరిచారు మేష్టారూ. ఐదింటికి కోర్టుకి తీసుకెళ్తున్నాం. మీ వాడికి చెప్పాలనుకున్నదేమైనా ఉంటే ఆలోపు చెప్పుకోండి." ఆయన వాకిట్లో జీపు దగ్గరికి వెళ్లిపోయాడు.

మేష్టారు బస్సు డ్రైవరుని మొదట తన కాగితంతో లోపలికి తోశాడు. ఇప్పుడు తన రాగి తీగతో గొళ్లెం బిగించాడు. లాకప్పు దగ్గర నిన్న ఆ మనిషి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మీరు చదువుకున్నవారు, తప్పు రాయరు, మరి ఇదెలా వచ్చిందంటారు అని మాత్రం అడిగాడు.

ఎక్కడో తప్పు ఉంది. అంత పేరున్న షాపు పెద్దమనిషి ఈ స్క్రూలు చూసి నూటయాభై ఏళ్లని ఎలా అన్నాడు? పెద్దవారు, చూపు ఆనక పొరబడి ఉంటారు. అడక్కుండా ఆయన మీద మాట అనడం పద్ధతి కాదు. మేష్టారు మర్యాదగా ఫోను చేశాడు. తీగ సంగతి, స్క్రూల సంగతి, గచ్చు మీద చారల సంగతి, ఒక్కటీ దాచకుండా విన్నవించుకుని, తమరు మరోసారి చూస్తే బాగుంటుందన్నాడు.

అవతల ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు. వయసైపోయింది బాబూ, చూసుకోలేదేమో, వస్తానన్నాడు. చివర్లో, ఇంట్లో అమ్మాయి ఉందా అని అడిగాడు. ఉందండీ అన్నాడు మేష్టారు.

పెద్దకోడలు వంటింటి బల్ల దగ్గర డ్యూటీ కోటుకి బొత్తాం కుట్టుకుంటోంది. మేష్టారు ఎదురుగా కూర్చుని, విసిగిస్తున్నందుకు క్షమించమని, ఆ రాత్రి సంగతి మొదటినుంచి మళ్లీ చెప్పమన్నాడు. ఆమె తల ఎత్తకుండా చెప్పింది. ఆరున్నరకి పెద్దాయన షికారుకి బయల్దేరాడు. ఆమె గదిలో పడుకుని కునుకు తీసింది. లేచి తయారై ఎనిమిదింటికి చెప్పులేసుకుంటుంటే ఆ గదిలోంచి కిర్రు కిర్రుమని చప్పుడు. దీపం లేదు. తలుపు సందులోంచి కుర్చీ వీపు, దాని మీద తల, ఊగుతూ కనిపించాయి.

కుర్చీ ఈమధ్య ఇల్లు కదిలి బయటికేమైనా వెళ్లిందా అని అడిగాడు.

"పోయిన నెల వెళ్లింది. పేము అల్లిక తెగితే షాపుకి పంపాం. కొన్నాళ్లుంచుకుని అల్లించి పంపారు."

"ఏ షాపు?"

"ఈ చివర షాపే." సూది ఆగింది. మళ్లీ కదిలింది.

కుర్చీ కొలతలు తీసుకోవడానికి ఆ కొన్నాళ్లు చాలు. మేష్టారికి తను ఇందాక ఎవరికి ఫోను చేశాడో, ఏమేం చెప్పాడో ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గొంతు మామూలుగా ఉంచుకుంటూ, తలుపు సందులోంచి చూశాక ఏమనుకున్నారని అడిగాడు.

"ఏమనుకుంటాను. మావయ్య ఊగుతున్నాడు, ఇప్పుడు పలకరిస్తే కబుర్లలో పడి డ్యూటీకి ఆలస్యమవుతుందని..."

"ఊగుతున్నారు" అనబోయాడు మేష్టారు.

మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. మొదటిరోజు కూడా ఈమె సరిగ్గా ఇదే అంది. మావయ్య ఊగుతున్నాడు. మామగారి గురించి, అందులోనూ కన్నుమూసిన మనిషి గురించి, కోడలు అలా అనడం ఏం బాగుంటుందని, దుఃఖంలో మాట తడబడిందని, తనే సర్ది రాసుకున్నాడు. మావయ్య పక్కన గారు చేర్చాడు. ఊగుతున్నాడుని ఊగుతున్నారు చేశాడు. గౌరవం కోసం చేశాడు. ఆ గౌరవమే ఒక మనిషిని లాకప్పులో పడేసింది.

"అమ్మా, మీ మామగారిని మీరు ఏమని పిలిచేవారు?"

ఆమె పళ్లతో దారం తెంపింది. తెగిన దారాన్ని వేలికి చుట్టుకుంది.

"మావయ్యగారూ అని."

"గారు లేకుండా ఎప్పుడైనా..."

"ఛ. ఆయన్నలా ఎలా అంటానండీ."

"మరి గారు లేని మావయ్య ఎవరు?"

ఆమె సూదిని దారపుండకి గుచ్చింది. మేష్టారే నెమ్మదిగా అన్నాడు, "మీ అమ్మ తోడబుట్టినవాడు. ఈ చివర షాపు ఆయన."

ఆమె తలూపింది. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. తల్లి పోతే ఎత్తుకుని తెచ్చుకున్నది ఆ మావయ్యే. జడ వేయడం రాక రోజూ పక్కింటావిడ దగ్గరికి పంపేవాడు. ఫీజు కట్టి చదివించాడు, ఈ ఇంటికి కోడల్ని చేశాడు. ఈ ఇంటికి గంట కొట్టి వచ్చే మనిషి కాదు, ఎప్పుడూ వెనక సందులోంచే వస్తాడు. చీకట్లోనూ ఆ తల ఎవరిదో పోల్చుకుని, మామగారు ఇంకా షికారు నుంచి రాలేదనీ, మావయ్య ఆయన కోసం కూర్చున్నాడనీ అనుకుంది. అనుకుని వెళ్లిపోయింది.

"అప్పటికే మావయ్యగారు మంచానికి అవతల ఉన్నారేమో. నేను తలుపు తోసి ఉంటే..." ఆమె కోటుని ఒళ్లో ఉండలా చుట్టేసింది. "ఆ చీకట్లో ఒక్కడూ కూర్చుని ఎందుకు ఊగాడో, అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదండీ."

మేష్టారికి అర్థమైంది. కుర్చీ మారుస్తుంటే పెద్దాయన షికారు నుంచి ముందే వచ్చి ఉంటాడు. పెనుగులాట. ఇనపకోడు. చంపాలని వచ్చినవాడు కాదు. కాళ్లు నిలబడక, దేనికోసమైతే వచ్చాడో దాంట్లోనే కూలబడ్డాడు. మేనకోడలు వెళ్లిపోయాక లేచి, మొదలుపెట్టిన పని పూర్తిచేసుకుని, చిన్నకొడుకు వచ్చేలోపు వెనక సందులోంచి వెళ్లిపోయాడు.

"నేను రాసింది మీకు చదివి వినిపించాను. తలూపారు."

"ఆ రోజు చెవికెక్కలేదండీ. మా మరిదిని జీపెక్కించినప్పుడు ఎక్కింది. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు." ఆమె మొదటిసారి తల ఎత్తి సూటిగా చూసింది. "నేను అబద్ధం చెప్పలేదు మేష్టారూ. ఉన్నమాటే చెప్పాను. మీరు దిద్దారు. మీరు దిద్దింది తప్పని తెలిసీ ఊరుకున్నాను. మనిద్దరిలో ఎవరిది ఎక్కువ తప్పో మీరే చెప్పండి. చదువుకున్నారు కదా."

మేష్టారికి తల కొట్టేసినట్టయింది. దానికి జవాబు చెప్పే అర్హత తనకి లేదనిపించింది. ఈ మాటే, ఈ మాటల్లోనే, ఇన్‌స్పెక్టరు ముందు చెబుతారా అని మాత్రం అడిగాడు. ఆమె కళ్లు తుడుచుకుని, చెబుతాననీ, దానికిముందు ఒక్కసారి మావయ్యతో మాట్లాడతాననీ, తను అడిగితే ఆయనే వచ్చి ఒప్పుకుంటాడనీ అంది. చిన్నప్పటినుంచీ తన మాట కాదనలేదట.

"ఇప్పుడు వద్దమ్మా. ఇక్కడే కూర్చోండి. కదలకండి. ఇప్పుడే వస్తాను." ఎందుకు కదలకూడదో చెప్పాలంటే ఫోను సంగతి చెప్పాలి. మేష్టారు చెప్పలేకపోయాడు. ఆ ఒక్క సిగ్గు దాచుకుని వాకిట్లోకి పరిగెత్తాడు.

ఇన్‌స్పెక్టరు జీపులో కూర్చుని అంతా విన్నాడు. విని, వేళ్లతో స్టీరింగు మీద తాళం వేశాడు.

"అంటే మొన్న 'గారు' ఉంది. ఇవాళ 'గారు' లేదు. కోర్టులో నిలబడి, అయ్యా, ఒక గారు తక్కువైంది, ముద్దాయిని వదిలేయండి అని చెప్పమంటారు నన్ను."

"ఆ గారు నాది సార్. ఆమెది కాదు. నేను రాసింది తప్పని రాసిస్తాను."

"మీరు రాసిచ్చినవి చాలు."

మేష్టారు ఆ దెబ్బ తిన్నాడు. తినాల్సినదే అనుకున్నాడు. షాపు పెద్దమనిషి అబద్ధం ఎందుకు చెప్పాడో ఆలోచించమన్నాడు. ఇది కొత్త కుర్చీ అని ఆయన చెబితే, అసలుది ఏదని మీరు అడిగేవారు. అడక్కుండా ఉండటానికే దీనికి నూటయాభై ఏళ్లు తగిలించాడు. వెళ్లి షాపు వెతికితే ఆ కిర్రుమనే కుర్చీ దొరుకుతుంది. ఇన్‌స్పెక్టరు వాచీ చూసుకుని, ఆవిడని తీసుకురండి, ఆవిడ నోటితో, ఆవిడ మాటల్లో చెప్పమనండి, నేనే రాసుకుంటాను, మీరు మాత్రం పెన్ను ముట్టుకోకండి అన్నాడు.

అంతే చాలనుకుంటూ మేష్టారు వంటింట్లోకి వచ్చాడు. ఆమె కూర్చున్న కుర్చీ ఖాళీ. బల్ల మీద బొత్తాం కుట్టిన కోటు మడత పెట్టి ఉంది. పక్కనే సూది, దారపుండ. వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. సందులో ఎవరూ లేరు. ఆ సందు మలుపు తిరిగితే షాపు వెనకభాగమే.

మేష్టారు చేసిన ఫోనుతో షాపాయనకి అన్నీ తెలిసిపోయాయి. కుర్చీ సంగతి బయటపడిందని తెలుసు. ఆ రాత్రి ఇంట్లో ఉండి తనని చూడగలిగిన మనిషి ఒక్కతేనని తెలుసు. ఆ ఒక్కతి, కాదనడన్న నమ్మకంతో, ఇప్పుడు కాళ్లకి చెప్పులేసుకుని ఆయన దగ్గరికే నడిచి వెళ్లింది.

మేష్టారు జీపు దగ్గరికి తిరిగి పరిగెత్తుతూనే ఆమె నంబరు కలిపాడు. మోగింది. చాలాసేపు మోగింది. కట్టయిపోతుందనుకుంటుండగా ఎత్తారు. హలో అనలేదు. అతనూ అనలేదు. ఏదో గుడ్డకి రాసుకున్న చప్పుడు, సంచిలోంచో కొంగు చాటునుంచో. ఇన్‌స్పెక్టరు నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపి, ఫోనుని స్పీకరు మీద పెట్టి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు.

కిర్రు. కిర్రు. కిర్రు.

ఇన్‌స్పెక్టరు స్టీరింగు మీద వేళ్లు ఆగిపోయాయి.

"ఏం చెప్పావమ్మా వాళ్లకి?" మెత్తటి గొంతు. ఇందాక ఓపిగ్గా అంతా విన్న గొంతే. "భయపడకు. మావయ్యనేగా. ఏం చెప్పావు?"

కిర్రు. కిర్రు.

"ఏం చెప్పలేదండీ" అంది ఆమె. ఒక్కో అక్షరం విడివిడిగా, ఎవరో రాసుకుంటున్నట్టు పలికింది. "మీ ఊసే ఎత్తలేదు, మావయ్యగారూ."

కుర్చీ చప్పుడు ఆగిపోయింది.

మేష్టారు ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూశాడు. ఇన్‌స్పెక్టరు చతుర్లేమీ ఆడకుండా తాళంచెవి తిప్పాడు. జీపు ముందుకి దూకింది, మేష్టారు ఒక కాలు ఇంకా బయటే ఉండగా ఎక్కాడు. ఫోనులో కుర్చీలోంచి ఎవరో లేచినట్టు ఒక్క పొడుగాటి మూలుగు. అడుగులు. గొంతు ఇప్పుడు ఫోనుకి బాగా దగ్గర్లో వినపడింది. కోపంగా లేదు, ముద్దుగానే ఉంది.

"గారా? పుట్టి బుద్ధెరిగాక నన్ను గారు అన్నావుటే ఎప్పుడైనా?" ఆగాడు. "ఎవరు దిద్దారమ్మా నీకు?"

లైను తెగిపోయింది.